కాంగ్రా కూల్‌ల వెంబడి

పఠాన్‌కోట్‌లో చిన్న రైలు ఎక్కేటప్పటికి ఇంకా తెల్లవారలేదు. 1929లో వేసిన నారోగేజి దారి అది. 164 కిలోమీటర్ల అవతల ఉన్న జోగిందర్‌నగర్ దాకా కొండల అంచులు పట్టుకుని పోతుంది. అది 2019 అక్టోబరు. చక్కీ నది మీది రైలు వంతెన అప్పటికి నిలిచే ఉంది. 2022 ఆగస్టు వరదల్లో అది కూలిందని చదివినప్పుడు, ఆ చీకట్లో మా డబ్బా కింద వినిపించిన నీటి హోరు గుర్తొచ్చింది. నూర్‌పూర్ దాటాక వెలుగు వచ్చింది. గులేర్ దగ్గర ఎడమ కిటికీలో ధౌలాధార్ కొండలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. మా ఆయన టీ గ్లాసు పక్కన పెట్టేసి అటే చూస్తూ ఉండిపోయారు.

నేను విశాఖపట్నంలో పాథాలజిస్టుని. ఆపరేషన్ చేసి తీసిన ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసి, జబ్బు పేరు రాసి పంపడం నా పని. వాటిలో థైరాయిడ్ గడ్డలు చాలా ఉంటాయి. కాంగ్రా పేరు నాకు పరిచయమైంది కూడా ఆ గ్రంథి వల్లే. శ్రీకాకుళంలో పుట్టి, నేను చదివిన ఆంధ్ర మెడికల్ కాలేజీలోనే చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి వచ్చిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు 1956లో ఈ లోయలో ఒక పరీక్ష మొదలుపెట్టారు. ఆయనా పాథాలజిస్టే. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరయ్యారు, ఐసీఎంఆర్‌కు అధిపతి అయ్యారు, రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. పాఠ్యపుస్తకాల్లో మాత్రం కాంగ్రా గురించి ఒక్క వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యం నాకు ఎప్పుడూ చాలలేదు.

ఆ పరీక్ష ఇదీ. సుమారు లక్ష జనాభా ఉన్న ప్రాంతాన్ని మూడు మండలాలుగా విడదీశారు. ఒక మండలానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, ఇంకో మండలానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు, మధ్యదానికి ఏమీ కలపని మామూలు ఉప్పు పంపారు. మొదట్లో మూడుచోట్లా దాదాపు నూటికి నలభైమందికి గాయిటర్, అంటే థైరాయిడ్ ఉబ్బి మెడ వాయడం, ఉంది. 1962 నాటికి అయోడిన్ ఉప్పు తిన్న రెండు మండలాల్లో అది సగానికి దిగింది. మామూలు ఉప్పు తిన్నచోట ఎక్కడిదక్కడే ఉంది. ఆ తర్వాత ఆ మధ్య మండలానికీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు. అదే ఏడాది జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మనం ఇవాళ ఏ ఊరి దుకాణంలో కొన్నా ఉప్పు ప్యాకెట్ మీద కనిపించే 'అయోడైజ్డ్' అన్న మాట వెనక ఈ లోయ ఉంది.

రైలు కాంగ్రా స్టేషన్‌లో కాసేపు ఆగింది. ఈ ఊరికి ఇంకో ఖ్యాతి కూడా ఉండేది. తెగిన ముక్కుల్ని తిరిగి అతికే వైద్య కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉండేవి. నుదుటి చర్మాన్ని మూడువైపులా కోసి, ఒక కొసను మాత్రం కోయకుండా వదిలి, కిందికి తిప్పి ముక్కు మీద పరిచేవారు. ఆ వదిలిన కొసలోంచి వచ్చే నెత్తురే ఆ చర్మాన్ని బతికించేది. కొన్నాళ్లకు కింది కండలోంచి కొత్త నాళాలు దానిలోకి మొలిచేవి. అప్పుడు కొసను కోసేసినా ముక్కు నిలిచేది. కొత్త నెత్తురు దారి ఏర్పడటానికి ఎన్నాళ్లు పడుతుందో ఆ వైద్యులు చేతి అనుభవంతో లెక్కగట్టారు. ఆ దారులు వేయించే పదార్థానికి పేరు పెట్టడానికి మాత్రం 1980ల దాకా ఆగాల్సి వచ్చింది.

పాలంపూర్ స్టేషన్‌కు నా పాత పీజీ విద్యార్థిని వచ్చింది. ఆమెను మా అమ్మాయి అనే అంటాను. వాళ్లాయన సైన్యంలో ఉన్నారు, అప్పట్లో యోల్ కంటోన్మెంట్‌లో ఉండేవారు. ఆమె ఇక్కడే ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తోంది. ఆమె పీజీ థీసిస్‌కు నేనే గైడ్‌ని. థైరాయిడ్‌లో వచ్చే మామూలు గడ్డల్లోనూ క్యాన్సర్ గడ్డల్లోనూ రక్తనాళాల్ని పెంచే పదార్థాలు ఎంతెంత ఉంటాయన్నదే ఆ థీసిస్. ఆ స్లైడ్లు చూస్తూ మేమిద్దరం గడిపిన సాయంత్రాలే నన్ను ఇంతదూరం లాక్కొచ్చాయి.

"మేడమ్, ముందు కూల్ చూపిస్తాను, తర్వాతే టీ తోటలు" అంది.

న్యూగల్ ఖడ్డు ధౌలాధార్ మంచులోంచి దిగే వాగు. దానికి అడ్డంగా రాళ్లు పేర్చి నీటిని పక్కకు మళ్లించి, వాలు చెడకుండా తవ్విన మట్టి కాలువల్లో ఊరి తర్వాత ఊరికి నడిపిస్తారు. వీటినే కూల్ అంటారు. ఎవరి పొలానికి ఎప్పుడు మడవ తెరవాలో, ఎప్పుడు మూయాలో చూసే మనిషి కోహ్లీ. మేం వెళ్లేసరికి వరి కోతలు అయిపోయాయి. గోధుమ విత్తనానికి నేల తడుపుతున్నారు. కాలువ గట్టునే నీటితో తిరిగే పిండి మర, ఘరాట్ అంటారట, గిరగిరా తిరుగుతోంది. మా ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. నా ఉద్యోగం గురించి ఇన్నేళ్లలో ఆయన అడిగిన ప్రశ్నల్లో గొప్పది ఆ గట్టు మీదే అడిగారు.

"గడ్డ పెరుగుతుంది కాబట్టి దానికి నెత్తురు ఎక్కువ కావాలా? లేకపోతే నెత్తురు ఎక్కువ వస్తుంది కాబట్టి గడ్డ పెరుగుతుందా?"

నేను ఆ కాలువ వైపే చూపించాను. థైరాయిడ్ బరువు 15 నుంచి 20 గ్రాములు. కానీ గ్రాముకు నిమిషానికి 4 నుంచి 6 మిల్లీలీటర్ల నెత్తురు పారుతుంది దానిలో. గ్రాము లెక్కన చూస్తే మూత్రపిండానికి కూడా అంత అందదు. గ్రంథి లోపల ఫాలికిల్స్ అనే చిన్న చిన్న బుడగలుంటాయి. ఒక్కో బుడగ చుట్టూ కేశనాళికలు అల్లుకుని ఉంటాయి. నెత్తుట్లో అతి కొద్దిగా ఉండే అయోడిన్‌ను ఏరుకోవడం ఆ బుడగ గోడలోని కణాల పని. పొలంలో నీరు తగ్గితే రైతు కోహ్లీ దగ్గరికి వెళ్లినట్టే, అయోడిన్ తగ్గితే ఆ కణాలు ఒక ప్రొటీన్‌ను బయటికి వదులుతాయి. వి.ఇ.జి.ఎఫ్ అంటాం దాన్ని, రక్తనాళాల లోపలి పొరను పెంచే కారకం అని అర్థం. అది పక్కనున్న కేశనాళికల్ని తాకగానే అవి వెడల్పవుతాయి, వాటి గోడ కణాలు విభజన మొదలుపెడతాయి, కొత్త కొమ్మలు చిగురిస్తాయి. జంతువుల మీద చేసిన పరీక్షల్లో తేలిన సంగతి ఏమిటంటే, అయోడిన్ తగ్గిన కొద్దిరోజులకే, పిట్యూటరీ నుంచి వచ్చే టీఎస్‌హెచ్ ఇంకా పెరగకముందే, గ్రంథి ఇంకా ఉబ్బకముందే నాళాలు మారిపోతాయి. టీఎస్‌హెచ్ పెరిగాక ఆ పని ఇంకా ఊపందుకుంటుంది.

"అంటే ముందు నీళ్లు, తర్వాత పంట" అన్నారాయన.

"మామూలు గాయిటర్‌లో అంతేనండీ. అయోడిన్ అందితే కణాలు అడగడం మానేస్తాయి. మడవ మూతపడుతుంది. రామలింగస్వామి గారు ఈ లోయలో చేసింది అదే. ఇంత మెడ ఉన్న పిల్లల మెడలు ఉప్పుతోనే తగ్గాయి."

"క్యాన్సర్‌లో?"

"క్యాన్సర్‌లో పొలం కోహ్లీ మాట వినదు సార్" అంది మా అమ్మాయి.

కాంగ్రా నేలలో అయోడిన్ ఎందుకు లేదో ఆ వాగే చెబుతుంది. వేల ఏళ్లుగా మంచుగడ్డలు, వానలు కొండల మీది మట్టిని కడిగి సముద్రానికి చేర్చాయి. అయోడిన్ అంతా సముద్రంలో ఉంది. ఇక్కడ నీళ్లు అద్దంలా ఉంటాయి, వాటిలో ఆ ఒక్కటే లేదు.

ఆ రాత్రి వాళ్లింట్లో భోజనాలయ్యాక మాటలు మళ్లీ థీసిస్ మీదికే పోయాయి. ఈ రంగానికి మూలపురుషుడైన జూడా ఫోక్‌మన్ కథ మా ఆయనకు మొత్తం చెప్పాను. 1960ల మొదట్లో అమెరికా నౌకాదళంలో కుర్ర డాక్టరు. బెథెస్డాలో ఫ్రెడరిక్ బెకర్‌తో కలిసి నెత్తురుకు బదులు వాడే ద్రవం తయారుచేసే పని అప్పగించారు. అది పనికొస్తుందా లేదా చూడటానికి జంతువుల నుంచి తీసిన థైరాయిడ్ గ్రంథుల్ని గాజుపాత్రలో పెట్టి, వాటి నాళాల్లోకి ఆ ద్రవాన్ని పంపేవాళ్లు. గ్రంథులు బతికాయి. వాటిలో క్యాన్సర్ కణాలు నాటారు. అవి పెరిగాయి, కానీ ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయాయి. చచ్చిపోలేదు. తీసి ఎలుకలో పెడితే మళ్లీ విజృంభించాయి. గాజుపాత్రలోని గ్రంథిలో కొత్త రక్తనాళాలు మొలవలేదు, ఎలుకలో మొలిచాయి. తేడా అదొక్కటే. గడ్డకు కొత్త నాళాలు అందకుండా చేస్తే అది పెరగలేదని ఆయన 1971లో రాస్తే చాలామంది నమ్మలేదు. 1983లో హెరాల్డ్ డ్వోరాక్ బృందం గడ్డల నుంచి నాళాల్ని కారేటట్టు చేసే ఒక పదార్థాన్ని పట్టుకుంది. 1989లో నెపోలియోన్ ఫెర్రారా వి.ఇ.జి.ఎఫ్ జన్యువును వేరుచేశాక, రెండూ ఒకటేనని తేలింది. ఆ ఆలోచనంతా మొలకెత్తింది థైరాయిడ్ గ్రంథిలో అన్నది నాకెప్పుడూ ఒళ్లు పులకరించే సంగతి.

మా అమ్మాయి పాత లాప్‌టాప్ తీసి స్లైడ్ల ఫొటోలు చూపించింది. వి.ఇ.జి.ఎఫ్ ఉన్నచోట గోధుమరంగు పట్టేలా రంగువేసిన ముక్కలు. పాపిలరీ కార్సినోమా అనే క్యాన్సర్ ముక్కల్లో చాలావాటిలో కణాలు చిక్కటి గోధుమరంగులో ఉన్నాయి. నిరపాయమైన అడినోమాల్లో పలచగా. అంతవరకూ ఎవరికైనా సంతోషం వేస్తుంది, ఇదిగో క్యాన్సర్‌ను పట్టే గుర్తు అని. తర్వాతి ఫొటో థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బుది, అందులో క్యాన్సర్ లేశమైనా లేదు. కానీ రంగు పాపిలరీకి తీసిపోదు, సీడీ34 రంగుతో చూస్తే నాళాలు కిక్కిరిసి ఉన్నాయి. గ్రేవ్స్ రోగి మెడ మీద స్టెతస్కోప్ పెడితే నెత్తురు పారే చప్పుడు వినిపిస్తుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు లూగాల్ అయోడిన్ చుక్కలు తాగిస్తారు. 1920ల మొదట్లో మేయో క్లినిక్‌లో హెన్రీ ప్లమర్ మొదలుపెట్టిన పద్ధతి అది. అయోడిన్ పుష్కలంగా అందితే గ్రంథిలో నెత్తురు తగ్గి, సర్జన్ చేతికి గట్టిపడి దొరుకుతుంది. కాంగ్రా ఉప్పు పనిచేసిన దారికి ఇది దగ్గరి చుట్టమే.

అందుకే నా అభిప్రాయం ఆనాడు థీసిస్ చివర ఆమెతో రాయించిందే ఇప్పటికీ. ఈ రంగు చూసి ఒక గడ్డ మంచిదో చెడ్డదో తేల్చకూడదు. నెత్తురు కావాలని అడగడం నేరం కాదు, ఆకలిగా ఉన్న ప్రతి కణం అడుగుతుంది. ఫాలిక్యులర్ అడినోమాకూ ఫాలిక్యులర్ కార్సినోమాకూ కణాల రూపంలో తేడా ఉండదు. సూదితో తీసిన పరీక్షలో వాటిని విడదీయలేం. గడ్డ మొత్తం తీశాక దాని తొడుగు అంచునంతా ముక్కలుగా కోసి, కణాలు ఆ తొడుగును దాటాయా, రక్తనాళం లోపలికి దూరాయా అని ఓపికగా వెతకాలి. నాళాల్ని తన దగ్గరికి రప్పించుకోవడం ఒక సంగతి, నాళంలోకి చొరబడి ఊపిరితిత్తులకో ఎముకలకో ప్రయాణం కట్టడం వేరే సంగతి. పాపిలరీ రకం ఎక్కువగా మెడలోని లింఫు గ్రంథుల దారి పడుతుంది. దానికి వి.ఇ.జి.ఎఫ్-సి అనే తోబుట్టువు తోడ్పడుతుందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. రంగు ఎంత చిక్కన అన్న లెక్క ఎక్కడ పనికొస్తుందంటే, క్యాన్సర్ అని తేలిపోయాక. అది మళ్లీ వచ్చే రకమా అని అంచనా వేయడంలో కొంత.

"మందులు వచ్చాయి కదా మేడమ్" అంది. వచ్చాయి. రేడియో అయోడిన్‌కు లొంగని థైరాయిడ్ క్యాన్సర్‌కు 2013లో సొరాఫెనిబ్, 2015లో లెన్వాటినిబ్. ఇవి వి.ఇ.జి.ఎఫ్ వచ్చి తాకే గ్రాహకాల్ని మూసేస్తాయి. లెన్వాటినిబ్ మీద జరిగిన పెద్ద పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో జబ్బు ముదరకుండా ఉన్న కాలం మధ్యస్థంగా 3.6 నెలలైతే, మందు తీసుకున్నవాళ్లలో 18.3 నెలలు. ఎముకల్లోకి పాకిన జబ్బుతో మంచానికే అంటుకుపోయిన ఒక పెద్దాయన ఈ మాత్రలతో లేచి మనవరాలి పెళ్లి పందిట్లో కూర్చోవడం నేను విశాఖలో కళ్లారా చూశాను. ఆయనకు బీపీ విపరీతంగా పెరిగింది కూడా. ఒంట్లోని మంచి నాళాలకూ ఆ పదార్థం రోజూ కావాలి మరి, దాన్ని ఆపితే వాటికీ బాధే. ఈ మందులు జబ్బును ఆపి ఉంచుతాయి, సాధారణంగా తుడిచిపెట్టవు. ఒక దారి మూసేస్తే గడ్డ ఇంకో కారకంతో వేరే దారి వేసుకుంటుంది.

మర్నాడు పాప్రోలా పైనున్న ఒక పల్లెకు వెళ్లాం. మా అమ్మాయి ఇంట్లో పనిచేసే ఆవిడ పుట్టిల్లు అది. వాళ్ల నాయనమ్మకు డెబ్భై అయిదేళ్లు ఉంటాయి. గడప దగ్గర ఎండలో కూర్చుని రాజ్మా గింజలు ఏరుతోంది. మెడకు ముందువైపు నిమ్మకాయలు రెండు మూడు అతికినంత గడ్డ. పెళ్లినాటికే ఉందంది. తన ఈడు ఆడపిల్లల్లో చాలామందికి ఉండేదనీ, దాన్ని జబ్బని ఎవరూ అనుకోలేదనీ, వెండి హారం దాని కిందికి వచ్చేలా వేసుకునేవాళ్లమనీ నవ్వుతూ చెప్పింది. మా ఆయన వెనక్కి తిరిగి కొండల వైపు చూశారు. ఒక లోయ మొత్తం తన ఆడపిల్లల మెడల్ని అలా సర్దుకుని బతికిందన్న మాట విన్నాక ఎవరికైనా మాట పెగలదు.

అయితే నెల కిందట ఒక్క రాత్రిలో ఆ గడ్డ కుడివైపు ఉబ్బి నొప్పి చేసిందట. అందుకే మనవరాలు భయపడి మమ్మల్ని రమ్మంది. "డాక్టర్‌నీ జీ, దాదీకి క్యాన్సరేనా?" అని లోపలికి తీసుకెళ్లి గుసగుసగా అడిగింది. పెద్దావిడను నీళ్లు మింగమన్నాను. గడ్డ మింగుడుతో పాటు పైకి కదిలింది. గొంతు మారలేదు, మెడ పక్కన గ్రంథులు చేతికి తగల్లేదు. ఉబ్బిన భాగం బిగువుగా, నున్నగా ఉంది. నేను అనుకున్నది మనవరాలికి చెప్పాను, పరీక్ష చేయకుండా ఖాయం చేయలేనని కూడా చెప్పాను. అయోడిన్ కోసం ఏళ్ల తరబడి మొలిపించుకున్న నాళాల గోడలు పలచన. ఒక్కోసారి చిట్లి గడ్డ లోపలే నెత్తురు నిండుతుంది. పాత గాయిటర్లలో ఇది తరచుగా జరిగేదే. అలా చిట్లి, ఎండి, మచ్చపడి, సున్నం పేరుకుని ఉన్న ముడులు ఇక ఏ ఉప్పుకూ కరగవు. పిల్లల గాయిటర్ తగ్గుతుంది, ఇంత పాతది తగ్గదు. కానీ ఇంత పాత గడ్డలోనూ క్యాన్సర్ దాగి ఉండొచ్చు. అయోడిన్ కరువు ప్రాంతాల్లో ఫాలిక్యులర్, అనాప్లాస్టిక్ రకాల వాటా ఎక్కువని తెలిసిన సంగతే. అందుకని స్కానింగ్, సూది పరీక్ష రెండూ చేయించాల్సిందేనని పట్టుబట్టాను. పెద్దావిడ సూది అనగానే మొండికేసింది. మా ఆయన ఆమె పక్కన గచ్చు మీద కూర్చుని, తన మోకాలికి వేసిన సూదుల కథంతా వచ్చీరాని హిందీలో చెప్పారు. చివరికి మెత్తబడింది.

వాళ్ల వంటింట్లో రెండు ఉప్పులున్నాయి. ఒకటి ప్యాకెట్ ఉప్పు. ఇంకోటి నల్లగా, ఎర్రజీరతో ఉన్న రాతి ముక్క. మండీ జిల్లాలోని గుమ్మా గనుల నుంచి వచ్చే రాతి ఉప్పు అది. పశువులకు నాకడానికి పెడతారు. ఈ మధ్య మనుషులకు కూడా అదే మంచిదని ఎవరో వీడియోలో చెబితే, అయిదో నెల గర్భవతిగా ఉన్న కోడలు కూరల్లో ఆ రాయే దంచి వేస్తోంది. మా అమ్మాయి సంచిలోంచి ఆశా కార్యకర్తలు వాడే ఉప్పు పరీక్ష సీసా తీసింది. ప్యాకెట్ ఉప్పు మీద ఒక చుక్క వేయగానే నీలం తిరిగింది. రాతి ఉప్పు పొడి మీద చుక్క చుక్కలాగే ఉండిపోయింది.

గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, మామూలు మనిషికి కావలసిన 150 కంటే బాగా ఎక్కువ. కడుపులోని బిడ్డ మెదడు తయారయ్యేది తల్లి థైరాయిడ్ మీద ఆధారపడి. నేను గట్టిగానే చెప్పాను ఆ పిల్లకు. నా గొంతు కొంచెం పెరిగిందేమో కూడా. అరవై ఏళ్ల కిందట ఎవరి మెడల మీద రుజువు చేశారో ఆ లోయలోనే ఈ మాట మళ్లీ చెప్పాల్సి రావడం నాకు కష్టంగా అనిపించింది. హైదరాబాద్‌లో, విశాఖలో సైంధవ లవణమనీ గులాబీ ఉప్పనీ నాలుగింతల ధర పెట్టి కొని, అయోడిన్ ఉప్పును విషంలా చూసే చదువుకున్నవాళ్లు నాకు బాగా తెలుసు. వాళ్లలో నా బంధువులూ ఉన్నారు. రాతి ఉప్పు కావాలంటే తినండి, అయోడిన్ కలిపినదైతేనే తినండి. దుకాణంలో ఉప్పులో 15 పీపీఎం అయోడిన్ అయినా ఉండాలన్న నియమం ఎవరి లాభం కోసమో పెట్టింది కాదు.

అక్కడి నుంచి జోగిందర్‌నగర్ మీదుగా గుమ్మా దాకా వెళ్లాం. రోడ్డు పక్కన ఉప్పు రాళ్లు కుప్పలుగా పోసి ఉన్నాయి. మా ఆయన ఒక రాయి చేతిలోకి తీసుకుని బరువు చూసి, కొనకుండానే పెట్టేశారు.

మేం విశాఖ చేరాక మా అమ్మాయి ఫోన్ చేసింది. స్కానింగ్‌లో ముడి లోపలంతా ద్రవమేనట, డాప్లర్‌లో మధ్యన నెత్తురు పారకం కనబడలేదు. సూదితో లాగితే చాక్లెట్ రంగు ద్రవం వచ్చింది. స్లైడ్ల ఫొటోలు పంపింది. పాత నెత్తురును మింగి ఇనుము పేరుకున్న కణాలు, పలచటి కొల్లాయిడ్, చెడ్డ కణం ఒక్కటీ లేదు. నిరపాయమైన గాయిటర్ అని ఆమె రాసిన రిపోర్టుతో నేనూ ఏకీభవించాను. ఆరునెలల తర్వాత మళ్లీ స్కానింగ్ చేయించమని రాయించాను. కోడలు ప్యాకెట్ ఉప్పుకు మారిందా అని అడిగాను. మారిందట. ఆ పల్లెలో మిగతా ఇళ్ల ఉప్పు కూడా పరీక్షించి చూద్దామని అక్కడి ఆశా కార్యకర్తతో మాట్లాడానంది.